పెట్రోలు కారా, కరెంటు కారా: ఏది ముందు దూకుతుంది?



లోకంలో బండ్లు ఎలా మారుతున్నాయో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. 44వ నంబరు జాతీయ రహదారి హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి మీదుగానే సేలం వైపు దిగుతుంది. హోసూరులో టీవీఎస్ కర్మాగారం నలభై ఏళ్ళకు పైగా మోటారు సైకిళ్ళు, మోపెడ్లు తయారుచేస్తోంది. అదే హోసూరులో 2021లో ఏథర్ వారి కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది. పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ కూడా ఆ ఏడాదే వచ్చింది. చీరల పోచంపల్లి కాదు, మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేదాకా ఈ ఊళ్ళన్నీ ధర్మపురి జిల్లాలోవే.

ఇంటికి కారు కొనాలనుకున్నప్పుడు తండ్రి మైలేజీ అడుగుతాడు. కొడుకు మాత్రం "సున్నా నుంచి నూరుకు ఎన్ని సెకన్లు?" అని అడుగుతాడు. తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు కొడుకు అడిగిన ప్రశ్న తీసుకుంటాను. దాని జవాబు కొడుకు కంటే తండ్రికే ఎక్కువ అవసరం. ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు ఒక మాట సరిచూసుకుందాం. వేగం వేరు, త్వరణం వేరు. మన పిల్లల్లో తమిళంలో చదివేవాళ్ళు త్వరణాన్ని 'ముడుక్కం' అంటారు. నూరు కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతున్న బస్సులో కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎంత వేగంగా పోతున్నామో తెలియదు. డ్రైవరు గట్టిగా తొక్కినప్పుడు వీపు సీటుకు అదుముకుంటుంది చూడండి, అది త్వరణం. బ్రేకు వేసినప్పుడు ముందుకు తూలుతాం. అదీ త్వరణమే, కాకపోతే వెనక్కి.

దీన్ని కొలవడానికి మనకు ఒక మంచి కొలబద్ద ఉంది. అది బావిలో పడే రాయి. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు. ఎండిన బావిలోకి రాయి వదిలితే, అది పడుతున్నకొద్దీ దాని వేగం ఒక్కొక్క సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ పోతుంది. భాగించి చూడండి. ఆ రాయి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 2.8 సెకన్లు పడుతుంది. అప్పటికి అది 39 మీటర్లు, అంటే ఇంచుమించు 130 అడుగులు పడిపోయి ఉంటుంది. ఈ 2.8 అంకెను గుర్తుపెట్టుకోండి. ఏ కారైనా ఇంతకంటే తక్కువ సమయంలో నూరు అందుకుందంటే, చదును రోడ్డు మీద అది బావిలో పడే రాయి కంటే జోరుగా దూకుతోందన్నమాట. అలాంటి కార్లు ఇప్పుడు పెట్రోలులోనూ ఉన్నాయి, కరెంటులోనూ ఉన్నాయి.

మరి రెంటికీ తేడా ఎక్కడుంది? అది తెలియాలంటే బావి గట్టు మీదే ఇంకాసేపు నిలబడాలి. మన మెట్ట పొలాల్లో ఒకప్పుడు ఆయిలింజను, ఆ తరవాత కరెంటు మోటారు వచ్చాయి. రెండూ చూసిన పెద్దలు ఇది వింటూ ఉంటే, నేను చెప్పబోయేది వారికి ముందే తెలిసిపోతుంది. ఆయిలింజనును ఎలా స్టార్టు చేసేవారు? హ్యాండిలు పెట్టి, పై మీట ఎత్తి పట్టుకుని, మనిషి తన బలంతో ముందు దాన్ని తిప్పాలి. చక్రం జోరందుకున్నాక మీట వదిలితే అప్పుడు 'డబ్ డబ్' మని అంటుకునేది. నిలబడి ఉన్న ఇంజనుకు సొంత బలం సున్నా. గాలి పీల్చాలి, దాన్ని నొక్కాలి, ఇంధనం మండాలి, పొగ వదలాలి. ఈ నాలుగూ జరగాలంటే అది అప్పటికే తిరుగుతూ ఉండాలి. పెట్రోలు కారులో ఆ హ్యాండిలు తిప్పే పని స్టార్టరు చేస్తుంది, అంతే తేడా.

కరెంటు మోటారు సంగతి చూడండి. స్విచ్చు వేయగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారుతుంది. ఎందుకు? కదలకుండా ఉన్న మోటారు కదిలే ఆ క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంత బలం పుడుతుంది. ఆ బలానికి ఇరుసు తిరుగుతోందా నిలబడి ఉందా అన్న లెక్క లేదు. బరువు బండికి కట్టిన ఎద్దులు నిలుచున్నచోటే కాడికి మెడ ఆనించి పూర్తి బలం పెడతాయి కదా, అలాంటిది ఇది. కారులో అయితే ఎంత కరెంటు, ఏ క్షణాన, ఏ చుట్టలోకి పోవాలన్నది ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి చూసుకుంటుంది. అందువల్ల పొలం మోటారులా అదరడం, వణకడం ఉండదు. కాలు ఆనించిన మరుక్షణం బలం చక్రానికి చేరుతుంది.

పెట్రోలు కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి ఎనిమిది వందల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతూ ఉంటుంది. దాని అసలు సత్తా కొన్ని వేల చుట్ల దగ్గర బయటపడుతుంది. నిలబడిన చక్రానికీ, తిరిగే ఇంజనుకూ పొత్తు కుదర్చడానికి క్లచ్చి పెట్టారు. ఇంజనును దానికి నచ్చిన చుట్ల మధ్యే ఉంచడానికి గేర్లు పెట్టారు. టర్బో ఉంటే, దాన్ని తిప్పేంత పొగ వచ్చేదాకా మరికాస్త ఆగాలి. ఒక్కొక్కటీ చిన్న ఆలస్యమే. కానీ మూడు సెకన్ల పందెంలో అర సెకను చిన్నది కాదు. చాలా కరెంటు కార్లకు ఒకే గేరు. మార్చడానికి రెండోది లేదు.

అలాగని కరెంటు కారును కొత్త వింత అనుకోకండి. గంటకు నూరు కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు కరెంటుదే. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గరి అషేర్‌లో కామిల్ జెనాట్సీ అనే బెల్జియం దేశస్థుడు తన బ్యాటరీ బండిని 105.88 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. తుపాకీ గుండు ఆకారంలో ఉన్న ఆ బండికి పెట్టిన ఫ్రెంచి పేరుకు 'ఎన్నటికీ తృప్తిలేనిది' అని అర్థం. ఇక మన వైపు, భారతదేశంలో తయారైన మొదటి కరెంటు మోటారు 1937లో కోయంబత్తూరులో వచ్చిందని చెబుతారు. దాని వెనక ఉన్నవారు జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు. జి.డి. నాయుడుగారి ఇంట మాట్లాడే భాష మనదే. మన బావుల దగ్గరికి కోయంబత్తూరు మోటార్లు ఎన్ని వచ్చాయో చెప్పనక్కరలేదు. జెనాట్సీ తరవాత నూరేళ్ళు కరెంటు కారు వెనకబడింది మోటారు లోపం వల్ల కాదు, బ్యాటరీ బరువు వల్ల. లిథియం బ్యాటరీ వచ్చాక ఆ బరువు పూర్తిగా పోలేదు గానీ, భరించదగినంతకు తగ్గింది.

ఇప్పుడు పోలిక. రెండు వేరువేరు కంపెనీల కార్లను పోలిస్తే తగవు తెగదు. అందుకని ఒకే కంపెనీ చేసిన రెండింటిని తీసుకుందాం. జర్మనీ దేశపు పోర్షె కంపెనీ 2019లో టైకాన్ టర్బో ఎస్ అనే కరెంటు కారును, 2020లో 911 టర్బో ఎస్ అనే పెట్రోలు కారును తెచ్చింది. (కరెంటు కారుకు టర్బో అన్న పేరేమిటో, అందులో టర్బో అన్న వస్తువే లేదు. అది వ్యాపారం.) పెట్రోలు కారు బలం 650 అశ్వశక్తులు, బరువు 1640 కిలోలు. కరెంటు కారు బలం దూకే సమయంలో 761 అశ్వశక్తులు, బరువు 2295 కిలోలు. నూరు కిలోమీటర్లకు పెట్రోలు కారుకు 2.7 సెకన్లు, కరెంటు కారుకు 2.8 సెకన్లు అని కంపెనీ లెక్క. మన బావిలో రాయికి ఒకటి కాస్త ముందు, ఇంకొకటి సరిగ్గా దాని పక్కన.

ఇంత బలం తేడా, ఇంత బరువు తేడా ఉన్నా ఫలితం ఒకటే ఎందుకైంది? ఎందుకంటే ఆ దశలో ఇంజను గానీ మోటారు గానీ హద్దు కాదు. హద్దు టైరు. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఎంత ఉంటే కారు అంతే జోరుగా దూకగలదు. ఆ పైన ఎంత బలం పెట్టినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మంచి టైరు, ఎండిన రోడ్డు అయితే ఆ ఘర్షణ బండి బరువుతో ఇంచుమించు సమానం. అందుకే హద్దు కూడా రాయి అంకె దగ్గరే పడుతుంది. పందెపు టైర్లు దాన్ని కొంత దాటిస్తాయి.

అయితే నూరు దగ్గర ఆగకుండా ముందుకు పోనిస్తే కథ మారుతుంది. రెండు వందల కిలోమీటర్లకు పెట్రోలు పోర్షెకు 8.9 సెకన్లు, కరెంటు పోర్షెకు 9.8. గరిష్ఠ వేగం పెట్రోలుకు 330, కరెంటుకు 260. ఇక్కడ రెండు సంగతులున్నాయి. ముందుకు నెట్టే బలం అంటే సామర్థ్యాన్ని వేగంతో భాగించగా వచ్చేది. వేగం రెట్టింపైతే అదే మోటారు నెట్టే బలం సగమవుతుంది. ఇది రెండు కార్లకూ ఒకటే. అప్పుడు బరువైన బండి వెనకబడక తప్పదు. రెండోది, మోటారు జోరుగా తిరిగేకొద్దీ అందులోనే ఎదురు విద్యుత్తు పుట్టి, వచ్చే కరెంటును అడ్డుకుంటుంది. అందుకని ఆ దశలో పెట్రోలు కారు తన గేర్లతో మళ్ళీ పుంజుకుంటుంది. ఈ టైకాన్‌కు వెనక మోటారు దగ్గర రెండో గేరు పెట్టినా ఇంత తేడా మిగిలింది. టూకీగా చెప్పాలంటే మొదటి అడుగు కరెంటుది, పొడుగాటి పరుగు ఈ జంటలో పెట్రోలుది. ఆ తరవాత వచ్చిన కార్లలో ఈ తేడాలు ఇంకా చెరిగిపోయాయి. 2024 టైకాన్ టర్బో జీటీ 2.2 సెకన్లకు దిగింది. 2025లో వచ్చిన 911 టర్బో ఎస్ 2.5 సెకన్లకు దిగింది, కానీ పెట్రోలు ఇంజనుకు తోడుగా కరెంటు మోటారును కూడా పెట్టుకుని.

ఈ సెకన్ల లెక్కల్లో ఒక చిన్న మాయ ఉంది, అది కూడా వినండి. అమెరికా పద్ధతిలో కొందరు మొదటి ఒక అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేసి గడియారం మొదలుపెడతారు. ఒక్క అడుగే కదా అనిపిస్తుంది. రాయితో సమానంగా దూకే కారుకు ఆ అడుగు దాటడానికి పావు సెకను పడుతుంది. అంటే 2.8 కాస్తా 2.55 అయి పత్రికలోకి ఎక్కుతుంది. రెండు కార్ల అంకెలు పక్కపక్కన చూసేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో కొలిచారా అని అడగాలి. మా పిల్లలు పరుగుపందెంలో ఒక అడుగు ముందు నిలబడితే డ్రిల్లు మాస్టరు ఊరుకుంటారా?

టైరు పట్టే అసలు సంగతి అనడానికి మన తెలుగు గడ్డ మీదే ఒక సాక్ష్యం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన వీధుల్లోనే కరెంటు కార్ల ప్రపంచ పందెం, ఫార్ములా ఈ, జరిగింది. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు జరగవలసింది రద్దయింది. ఆ పందెపు కార్ల మోటారు సామర్థ్యం 350 కిలోవాట్లు. అయితే అది వెనక చక్రాలకే అందేది. ముందు మోటారు ఉంది గానీ, దాని పని బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి తీసుకోవడమే. 2024-25 పోటీల నుంచి వచ్చిన కొత్త నమూనాలో, బయలుదేరేటప్పుడు ముందు చక్రాలకూ బలం ఇచ్చారు. అంతే, సున్నా నుంచి 60 మైళ్ళ వేగానికి 1.82 సెకన్లు చాలని నిర్వాహకులు ప్రకటించారు. నాలుగు టైర్లూ రోడ్డును పట్టుకుంటే ఏమవుతుందో చూశారుగా.

పోర్షెలూ పందెపు కార్లూ మనకెందుకని మీరనవచ్చు. వస్తున్నా. మన రోడ్డు మీద తిరిగే కార్ల సంగతే చూద్దాం. మన ఇళ్ళకు మొదటి కారుగా వచ్చిన మారుతి 800 బలం నలభై అశ్వశక్తుల లోపు. 2024 నవంబరులో మహీంద్రా కంపెనీ చెన్నైలో చూపించిన బీఈ 6 అనే కరెంటు కారులో, పెద్ద బ్యాటరీ రకం మోటారు 210 కిలోవాట్లు, అంటే 280 అశ్వశక్తులకు పైమాటే. ఏడు మారుతీల బలం. నూరు కిలోమీటర్లకు 6.7 సెకన్లు. ఇది పందెపు కారు కాదు. నలుగురూ ఎక్కి తిరుపతి పోయి వచ్చే కారు.

ఇప్పుడు నా అసలు మాట. పెట్రోలు కారుకు ప్రకటనలో వేసే సెకన్లు నేర్పరి డ్రైవరు సిద్ధమై సాధించిన సెకన్లు. ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటరు మీద ఉంచి, ఇంజనును వేల చుట్లకు లేపి, టర్బోను ముందే తిప్పి, అప్పుడు వదులుతాడు. ఇలా చేయడానికి ఆ కార్లలో ప్రత్యేకమైన ఏర్పాటు కూడా ఉంటుంది. మామూలు మనిషి మామూలుగా తొక్కితే ఆ అంకె రాదు. పైగా ఆ లోపు ఇంజను అరుస్తుంది, గేరు మారేటప్పుడు కుదుపు వస్తుంది. చెవికీ వీపుకూ కబురు అందుతుంది. కరెంటు కారులో, ముఖ్యంగా మన వాడకపు కార్లలో, ఆ అంకెకు ఇంచుమించు దగ్గరగా ఎవరి కాలికైనా వస్తుంది. నిన్న లైసెన్సు తీసుకున్న కుర్రవాడి కాలికీ వస్తుంది. శబ్దం లేదు, కుదుపు లేదు. ఎనభై అనుకుంటూ ముల్లు చూస్తే నూట పది ఉంటుంది.

ఎక్కడానికి ఇంత తేడా ఉంది. ఆగడానికి? ఏమీ తేడా లేదు. ఆపేది కూడా టైరే. నూరు కిలోమీటర్ల వేగంలో ఎదురుగా ఆవు కనబడిందనుకోండి. కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను, అంటే 28 మీటర్లు. ఘర్షణ బరువులో 80 శాతం ఉందనుకుంటే ఆగడానికి మరో 49 మీటర్లు. మొత్తం 77. అదే 120లో అయితే 104 మీటర్లు. ఇవి పెట్రోలుకూ కరెంటుకూ ఒకటే అంకెలు. తేడా వేడిలో ఉంది. బరువు ఎక్కువైతే బ్రేకులు మింగవలసిన శక్తి కూడా అంత ఎక్కువ. ఇందాకటి రెండు పోర్షెలలో కరెంటు దానికి అది నలభై శాతం అధికం.

మన పాళయం టోల్‌గేటు తలుచుకోండి. అక్కడ ప్రతి బండీ ఆగినంత పనిచేసి మళ్ళీ బయలుదేరుతుంది. పందెం గీత లాంటిదే. పక్కన ఇంకో కారు ఉంటే కుర్రవాళ్ళ కాలు ఊరుకోదు. ఆ పైన కొద్ది దూరంలోనే తొప్పూరు ఘాటు. ఇనుమూ సిమెంటూ నింపుకున్న లారీలు బ్రేకులు కాలిన వాసనతో దిగుతుంటాయి. డీజిలు మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దించి ఎన్ని ప్రాణాలు తీశారో మీకు నేను చెప్పనక్కరలేదు. టోల్‌గేటు దగ్గర అందుకున్న వేగాన్ని అక్కడ దించుకోవాలి.

ఘాటు దిగడంలో కరెంటు కారుకు ఒక సుగుణం ఉంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే మోటారే జనరేటరై చక్రాన్ని బిగబట్టి, బ్యాటరీకి కరెంటు పంపుతుంది. పెట్రోలు కారును చిన్న గేరులో దించినట్టే, ఇంకా మెరుగ్గా. రెండు టన్నుల కారు నూరు మీటర్ల ఎత్తు దిగితే, రాగలిగిన కరెంటు మహా అయితే అర యూనిట్టు. డబ్బుగా చూస్తే ఏమంత కాదు. కానీ బ్రేకులకు ఆ వేడి తప్పుతుంది. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే మాత్రం ఈ పట్టు సడలుతుంది. నిండిన కుండలో నీళ్ళు పట్టవు కదా. ధర్మపురి నుంచి వచ్చేవారికి తొప్పూరు చేరేసరికి కాస్త ఖాళీ అయి ఉంటుంది. ఘాటు ముందే ఎక్కడైనా ఛార్జి చేసుకునేవాళ్ళు కొంచెం తక్కువగా ఆపుకోవాలి.

ఇంకొక చిన్న తేడా హోసూరు వాళ్ళ కోసం. హోసూరు సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఎనిమిది, తొమ్మిది శాతం పలచన. టర్బో లేని పెట్రోలు ఇంజను ఆ మేరకు నీరసిస్తుంది. మోటారు గాలి పీల్చదు కాబట్టి దానికి పట్టింపు లేదు. దాని పట్టింపు వేడితో. మళ్ళీ మళ్ళీ గట్టిగా తొక్కితే బ్యాటరీ వేడెక్కి, కారే తన బలాన్ని తగ్గించుకుంటుంది. మొదటి దూకుడు అయిదోసారి ఉండకపోవచ్చు. బ్యాటరీ అడుగంటినప్పుడూ అంతే.

ఇక, ఇంట్లో కొడుక్కో, కూతురికో, కొత్తగా పెట్టుకున్న డ్రైవరుకో తాళం ఇవ్వబోయే పెద్దలకు ఒక్క మాట. చాలా కరెంటు కార్లలో బలాన్ని తగ్గించి ఉంచే ఏర్పాటు ఉంటుంది. ఎకో అనో, ఇంకో పేరుతోనో తెర మీద కనిపిస్తుంది. కారు అప్పగించే రోజు అమ్మినవారి దగ్గర ఇది ఎలా పెట్టాలో, ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే అలాగే ఉంటుందో, మొదటికి వస్తుందో అడిగి, ఎదురుగా చేయించి చూడండి. మొదటి నెల రోజులు బండిని అందులోనే నడపనివ్వండి. కాలు తీస్తే బండి ఎంత దూరంలో నెమ్మదిస్తుందో ఖాళీ రోడ్డు మీద పగటిపూట అలవాటు చేసుకున్నాక, తొప్పూరు వైపు తీసుకుపోవచ్చు.